గోడ పక్కన సమాధి

మా తాత పొడుగరి అని మా ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆయన్ని మా అమ్మ తప్ప ఎవరూ చూడలేదు. అమ్మ చూసింది కూడా ఊహ తెలిసీ తెలియని వయసులో. ఫోటో లేదు. ఉన్న సాక్ష్యమల్లా జాగీరు తోటలోని ఆయన సమాధి. దాని మీద నేను వెల్లకిలా పడుకున్నా ఇంకో మనిషికి చోటు మిగులుతుంది. అమ్మ నా భుజం దాకా వస్తుంది, నేను ఎవరి భుజం దాకానూ రాను. అంత పొడుగు తాతకు ఇంత పొట్టి సంతానం ఏమిటని మా ఆయన ఎగతాళి చేస్తే, ఆ పొడుగంతా తనతోనే మట్టిలో పెట్టుకొని పోయినాడులే అని జవాబు చెప్పేదాన్ని.

కర్నూలులో ఆ తోట ఇప్పుడు పార్కు. టికెట్ కొని లోపలికి పోతే ఫౌంటెను, జారుడుబల్లలు, పొద్దున నడిచేవాళ్ల కోసం ఎర్ర రాళ్ల బాట. జాగీరుదారు బంగళాకు మీగడ రంగు కొట్టి కళాభవనం అని బోర్డు పెట్టారు. మా అవ్వ దూరంగా నిలబడి కూలి అడిగిన అరుగు మీద, పెళ్లి కాబోయే జంటలు పూల గొడుగులు పట్టుకొని ఫోటోలు దిగుతారు. బంగళా వెనక ఓపెన్ స్టేజీ. ఉగాదికి కవులు, దసరాకు పద్యనాటకాలు, ఆదివారాలు చిన్నపిల్లల నాట్యాలు. ఇదంతా నాకు ఇష్టమే. వారసులు కోర్టుల చుట్టూ తిరుగుతూ కంపచెట్లకు వదిలేసిన దానికన్నా నలుగురు నవ్వుతూ తిరిగే చోటు నయం. స్టేజీ ఎదుట కూర్చోవడానికి మెట్లు, మెట్లు దాటి కాస్త ముందుకు పోతే కాంపౌండు గోడ, ఆ గోడ పక్కన మా తాత.

తాత ఆ తోటకు మాలి. ఒక వానాకాలంలో జ్వరం తగిలి పోయాడు. మా క్రైస్తవ సంఘం సమాధుల తోట హంద్రి ఏటికి అవతలి ఒడ్డున ఉండేది. ఏరు పొర్లుతూ ఉంది, శవాన్ని దాటించే దారి లేదు. మా తోటలోనే ఒక మూల పెట్టుకోండి అన్నాడట జాగీరుదారు. పెట్టేసి, అవ్వ పిల్లల్ని తీసుకొని కోసిగి దగ్గర తన పుట్టినూరికి పోయింది. వానలు లేని ఆ ఊళ్లో ఏడాదికి సగం రోజులు కూలికి ఊళ్లు పట్టుకొని తిరగడమే బతుకైంది. మళ్లీ కర్నూలు ముఖం చూడలేదు. చనిపోయే ముందు మాత్రం అమ్మను పిలిచి, మీ నాయన తోటలో గోడ పక్కన ఉన్నాడు, నాపరాళ్లు పరిచిన సమాధి, ఎప్పుడైనా పోయి చూడు అని చెప్పింది.

పెళ్లయి కర్నూలుకు వచ్చాక అమ్మ చేసిన మొదటి పని అదే. కావలివాణ్ణి బతిమాలి, కంపలు తప్పించుకుంటూ గోడ వెంబడి వెతికింది. అవ్వ చెప్పినట్టే ఉంది, గోడ పక్కన, నాపరాళ్లు పరిచి. అట్లాంటిది తోట మొత్తానికి ఒకటే. ఇంక అనుమానం ఎందుకు వస్తుంది? అప్పటి నుంచి ప్రతి నవంబరులో సమాధుల పండుగకు మేము సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, కీర్తన పాడి ప్రార్థన చేసుకొని వస్తాము. ఒకసారి మా చర్చి అయ్యగారు చూసి, ఇది మన వాళ్లు పెట్టే దిక్కున లేదే అన్నాడు. వాన రోజు, తడుస్తూ హడావిడిగా పెట్టినారు, దిక్కులెవరు చూసినారు అని అమ్మ సర్ది చెప్పింది. మా ఇంట్లో ప్రశ్న పుట్టకముందే జవాబు తయారుగా ఉంటుంది.

పోయిన ఏడాది పండుగకు ముందు ఆ పార్కు చూసుకునే ఇన్‌చార్జి మమ్మల్ని పిలిపించాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. స్టేజీ ముందు జనం పట్టడం లేదు, మెట్లను గోడ దాకా పొడిగించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. సోమవారం జేసీబీ వస్తుందన్నాడు. అమ్మ ముఖం చూసి గొంతు తగ్గించాడు. మనిషి సమాధి అయితే చెయ్యి వేయం, చుట్టూ కంచె కట్టి వదిలేస్తాం, కానీ ఇక్కడ పొద్దున నడిచే పెద్దలేమో అది ఏదో పాత దిబ్బ అంటున్నారు, కళ్లారా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి ఒక్క మాట చెబితే చాలు అన్నాడు.

ఆ పెద్దలు నాకు తెలుసు. ట్రాక్ ప్యాంట్లు వేసుకొని, చేతులు పైకెత్తి, ఏ కారణమూ లేకుండా గుంపుగా నవ్వే ఆరోగ్య సంఘం. వాళ్లు నవ్వే చోటికి ఎదురుగా మా సమాధి ఉండటం వాళ్ల నవ్వుకు అడ్డం. అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు నాది, ఆ గొంతుతో వాళ్లకు నాలుగు అంటించాలనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"చూసినోళ్లు ఉండారు సార్. గుర్రాలు కాసే సాయీసు కొడుకు ఉండాడు. ఆయప్ప చెప్తాడు," అంది.

ఇంటికి వచ్చేదాకా అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు. కల్లూరులో ఆటో దిగాక, నాకు నాయనంటే ఆ రాళ్లే, వాటిని తీసేస్తే నాకు నాయన లేనట్టే అంది. అమ్మ ఏడ్చే మనిషి కాదు. ఆ మాట అనేసి పొయ్యి వెలిగించడానికి పోయింది.

ఆ సాయీసు కొడుకు పాత ఊళ్లో ఉంటాడు. ఆటోలు వచ్చేదాకా జట్కా తోలాడు. ఇప్పుడు కొడుకు పరుపుల అంగడి ముందు బల్ల మీద కూర్చొని దారిన పోయేవాళ్లను పలకరిస్తూ ఉంటాడు. చిన్నప్పుడు అమ్మా ఆయనా ఆ తోటలో కలిసి ఆడుకున్నవాళ్లు. రంజానుకు వాళ్ల సేమియా మా ఇంటికి, క్రిస్మసుకు మా కజ్జికాయలు వాళ్ల ఇంటికి. అమ్మకు అన్న వరస, నాకు మామ. మధ్యాహ్నం ఎండలో పోయి, విషయం చెప్పి, సోమవారం పొద్దున వచ్చి ఒక్క మాట చెప్పు మామా అన్నాను. పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఆయన చేతికర్ర కొన కేసి చూశాడు.

"ఆ రాళ్లు మీ తాతవి కాదు పాపా. ఆడ ఉండేది గుర్రం," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. జాగీరుదారుకు తెల్ల గుర్రం ఒకటి ఉండేదట. కడుపు శూల వచ్చి తెల్లవారేసరికి పడిపోయిందట. దాన్ని ఊరి బయటికి ఈడ్పించనని ఆయన తోటలోనే గుంత తవ్వించాడు. సాయీసే తన చేతులతో నాపరాళ్లు పరిచాడు. ఆ తర్వాత మా నాయన ఇంకో గుర్రాన్ని పేరు పెట్టి పిలవలేదు అని చెప్పాడు.

మా తాత ఒక్క నిమిషంలో మామూలు ఎత్తుకు దిగిపోయాడు. ఆ పొడుగు, ఆ తప్పు దిక్కు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఇన్నేళ్లు మా అమ్మ మోకరించి కీర్తనలు పాడింది గుర్రానికి. మొదట నవ్వు వచ్చింది, అమ్మ ముఖం గుర్తొచ్చి ఆగిపోయింది. ఈ మాట అమ్మ చెవిన పడితే? సోమవారం దాకా ఆగితే, అందరి ముందు పడుతుంది.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారే, నేను ముందు జుట్టే పట్టుకున్నాను. నీకు మతిమరుపు వచ్చింది, గుర్రం ఎక్కడో మా తాత ఎక్కడో కలిపేస్తున్నావు అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. అప్పుడు కాళ్ల దగ్గరికి దిగాను.

"వెయ్యి అబద్ధాలాడి ఒక పెండ్లి చెయ్యమన్నారు మామా. ఒక్క అబద్ధంతో ఒక సమాధిని నిలబెట్టలేవా?"

"అడగకుంటే నోరు తెరవను. అడిగితే ఉండేదే చెప్తా. ఈ వయసులో కొత్త అబద్ధం మోసే ఓపిక నాకు లేదు."

అడగడానికే కదా పిలుస్తున్నది! అయితే రావద్దు, ఒంట్లో బాగాలేదని ఇంట్లోనే పడుకో అని చెప్పి, వాళ్లు తెచ్చిన టీ తాగకుండా లేచి వచ్చేశాను. దారంతా ఆయన్ని తిట్టుకున్నాను. నిజం నిజం అని పట్టుకొని వేలాడేవాళ్లకు ఇంటి గడప కూడా దక్కదు అనుకున్నాను. ఇంటికి వచ్చి, సాయిబు మామకు జ్వరం, రాలేడు, ఇంకొకరిని చూద్దాం అని అమ్మకు చెప్పాను. ఇంకొకరిని నేనే చూశాను. మా సంఘ పెద్ద ఒకాయన, దేవుడి పని కాబట్టి సరేనన్నాడు. ఆయనది కడప. ఈ తోటను టికెట్ కొని చూసిందే తప్ప, జాగీరుదారును కలలో కూడా ఎరుగడు.

సోమవారం నేను పోయేసరికే అమ్మ అక్కడ ఉంది. గేటు తీయగానే లోపలికి వచ్చి సమాధి మీద కూర్చుందట. పండుగ ఇంకా రాకపోయినా రాళ్లకు కొత్తగా సున్నం కొట్టి ఉంది. ఎప్పుడు కొట్టిందో, ఎట్లా మోసుకొచ్చిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. బాట చివర జేసీబీ నిలబడి ఉంది, దాని డ్రైవరు టైరుకు ఆనుకొని టీ తాగుతున్నాడు. ఆరోగ్య సంఘం నవ్వడం ఆపి ఇటే చూస్తోంది. ఇన్‌చార్జి మాటిమాటికీ ఫోను చూసుకుంటున్నాడు.

కడప పెద్ద గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు. ఈ సమాధిలో ఉన్న పుణ్యాత్ముణ్ణి నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును అనేదాకా వచ్చాడు. అమ్మ అడ్డుపడింది.

"నువ్వు గమ్మునుండన్నా. నువ్వు యాడ చూసినావు? చూసినోడు వస్తాండాడు."

జ్వరమని నేను చెప్పిన మాటను అమ్మ నమ్మిందని తర్వాత తెలిసింది. నమ్మింది కాబట్టే, ఎట్లా ఉందో కనుక్కుందామని పక్కింటివాళ్ల ఫోనులో ఆయన కొడుకును పలకరించింది. ఏ జ్వరమూ లేదన్నాడట. అయితే మీ నాయనను ఆటోలో పంపించు నాయనా అంది. ఇంత చేసి నాతో ఒక్క మాట అనలేదు.

గేటు దగ్గర ఆటో ఆగింది. ఆయన దిగి, చేతికర్ర ఆనించుకుంటూ ఎర్ర రాళ్ల బాట మీద మెల్లగా వస్తున్నాడు. నేను ఎదురుపోయి పక్కన నడిచాను. మామా, నీ చెల్లెలు ఆమె, ఒక్క మాట మామా, తల ఊపినా చాలు అని వినపడీ వినపడకుండా బతిమాలాను. ఆయన నా వైపు చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. దువా చేసుకుంటున్నాడో, చెప్పాల్సింది కూడగట్టుకుంటున్నాడో తెలియలేదు. ఆ బాట ఎప్పటికీ ముగియకపోతే బాగుండునని అనిపించింది.

ఇన్‌చార్జి నమస్కారం పెట్టి, ఇది ఎవరి సమాధో మీకు తెలుసా అని అడిగాడు. ఆయన వంగి, సున్నం తడి ఆరని రాయి మీద అరచెయ్యి పెట్టాడు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది.

"ఇది గుర్రానిది సార్. మా నాయన పరిచిన రాళ్లు," అన్నాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను తిరిగి చూసిన చూపుకు ఆ ట్రాక్ ప్యాంటు పెద్దమనిషి ఫౌంటెను దాకా వెనక్కి నడిచాడు. ఇన్‌చార్జి తల వంచుకున్నాడు. ఇక చెప్పడానికేముంది? గుర్రం దిబ్బకు కంచె కట్టమని ఏ ఉత్తర్వులోనూ ఉండదు. అప్పుడు తట్టింది నాకు, ఈ ముసలాయన తన తండ్రి రాళ్లను తన నోటితోనే జేసీబీకి అప్పగించాడని. అబద్ధమాడి ఉంటే ఆయన గుర్రమూ మిగిలేది. అది తెలిసి కూడా ఆయన మీద నా కోపం తగ్గలేదు.

అమ్మ లేవలేదు. అరవలేదు. ఆయన ముఖంలోకి చూసి, నేను పరుపుల అంగడి దగ్గర అడగకుండా లేచి వచ్చిన ప్రశ్న అడిగింది.

"మరి మా నాయన యాడ?"

అవును, మా తాత ఎక్కడ? గుర్రాన్ని తాతను చేసే తొందరలో అసలు తాత ఎక్కడున్నాడని నాకు తోచనే లేదు.

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు. అమ్మ వాళ్లు కోసిగి వైపు పోయాక రోడ్డు వెడల్పు చేశారట. గోడ వెంబడి తోట భూమి కొంత రోడ్డులోకి పోయింది. పాత గోడ పడగొట్టి, లోపలికి జరిపి ఈ గోడ కట్టారు. తాతను పెట్టింది ఆ పాత గోడ పక్కన. రోడ్డు వేసేవాళ్లు ఆ రాళ్లు పెరికి, పైన కంకర పోసి పోయారు. అప్పటిదాకా గోడకు దూరంగా ఉన్న గుర్రం సమాధి గోడ పక్కకు వచ్చింది. అవ్వ తప్పు చెప్పలేదు, అమ్మ తప్పు వినలేదు. గోడే జరిగింది.

"రాళ్లు పెరికేది నువ్వు చూసినావా?" అంది అమ్మ.

"చూసినా."

"నేను ఏటా ఈడికొచ్చి మొక్కేది?"

"అదీ చూసినా చెల్లెమ్మా. గోడ మీంచి చూస్తాంటి. మా నాయన రాళ్లకు సున్నం కొట్టేదానికి నువ్వు తప్ప ఇంగెవరు వస్తారు? చెప్తే నువ్వు రావు కదా. అందుకే గమ్మునుంటి."

"మా నాయన మీద లారీలు పోతాంటే, నీకు ఈ సున్నం చూసి బాగుండెనా అన్నా?"

కొత్త అబద్ధం మోసే ఓపిక లేదన్న మనిషి, పాతదాన్ని ఎంత దూరం మోసుకొచ్చాడో నాకు అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేకపోయాడు. జాలి పడాలో తిట్టాలో తెలియక నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి ఆసరా చేసుకొని లేచింది. చీర వెనక సున్నం అంటింది, దులుపుకోలేదు.

"పా, చూపించు," అంది ఆయనతో.

ముగ్గురం గేటు దాటి గోడ చుట్టూ తిరిగి రోడ్డు మీదికి వచ్చాము. కల్లూరు ఆటోలు, స్కూలు బస్సులు, ఇటుకల ట్రాక్టర్లు, ఒకదాని వెనక ఒకటి. టీ బంకు వెనక పాత గేటు స్తంభం ఒకటి మొండిగా మిగిలి ఉంది. ఆయన దాని దగ్గర నిలబడి కళ్లు చికిలించి, అటూ ఇటూ చూసుకొని, చేతికర్ర చాచాడు. డివైడరుకు ఇవతల, బండ్లు అన్నిటికన్నా జోరుగా పోయే చోటు. ఆ తావే అన్నాడు.

అదే వేళకు గోడ అవతల జేసీబీ స్టార్టయింది. ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. గేటు వైపు తిరిగిపోయాడు. వచ్చేటప్పుడు లేని తొందర చేతికర్రలో కనిపించింది. అమ్మ ఆయన్ని ఆపలేదు.

"బండ్లు ఆపు," అంది నాతో.

పిల్లల మీద తప్ప ఇంకెవరి మీదా పనిచేస్తుందో లేదో తెలియని గొంతు వేసుకొని నేను రోడ్డు మధ్యలోకి నడిచాను. చేతులు రెండూ చాచి నిలబడ్డాను. మొదటి ఆటో నా చీర కుచ్చిళ్లను తాకేంత దగ్గరికి వచ్చి ఆగింది. దాని వెనక బస్సు, బస్సు వెనక ట్రాక్టరు. ఆటో డ్రైవరు తల బయటపెట్టి, చావాలని ఉందా అక్కా అని అరిచాడు. మా తాత ఉన్నాడు, ఆగు నాయనా అన్నాను. అతను రోడ్డును చూశాడు, నన్ను చూశాడు, ఏం అర్థమైందో ఇంజను ఆపేశాడు.

అమ్మ చెప్పులు రోడ్డు అంచున విడిచి వచ్చింది. మోకాళ్లు వంగక, నా నడుము పట్టుకొని, మెల్లగా తారు మీద కూర్చుంది. పాడుతుందనుకున్నాను. ప్రార్థన చేస్తుందనుకున్నాను. అరచెయ్యి నేల మీద బోర్లించి, బిడ్డ జ్వరం చూసినట్టు, కొంతసేపు అట్లాగే ఉంచింది.

"ఏటా ఈడనే ఆటో దిగుతాంటి అమ్మీ," అంది. "నాయనను తొక్కుకుంటానే లోపలికి పోతాంటి."

బస్సు వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి. నేను చేతులు దించలేదు.